గాసునూనె కరువులో వచ్చిన బర్మా అక్క

మేము గాసునూనె అనేవాళ్ళం. పట్నం దుకాణాల్లో మిట్టీకాతేల్ అనేవారు. కోస్తా వాళ్ళు దాన్నే కిరసనాయిలు అంటారని నాకు పెళ్ళయి అమీర్‌పేటకు వచ్చేదాకా తెలియదు. ఆ మాట మొదటిసారి మా ఇంట్లో అద్దెకు దిగిన ఒకామె నోట విన్నాను. ఆమె వచ్చిన ఏడాదే ఆ నూనె బజారులో కనబడకుండా పోయింది.

మా అత్తవారిది నేత కులం. మామగారు బతికున్నప్పుడే మగ్గం అమ్మేసి పట్నం దారి పట్టారట. నేను కాపురానికి వచ్చేనాటికి ఆయన లేడు. ఇంట్లో మా అత్తమ్మ, మా ఆయన, నేను. మా ఆయన దర్జీ. వీధి అరుగు మీద మిషను వేసుకొని కుట్టేవాడు. లడాయి మొదలయ్యాక ఒక గుత్తేదారు ఖాకీ గుడ్డ కత్తిరించి మూటలు కట్టి పంపేవాడు. సిపాయిల అంగీలు. కుట్టడం ఆయన పని, గుండీలు, కాజాలు నా పని. ఎవరు తొడుక్కుంటారో, తొడుక్కొని ఏ దేశం పోతారో మాకు తెలియదు. ఒక్కోసారి కాజా కుడుతూ, ఈ అంగీ వేసుకునేవాడు ఎట్లుంటాడో అనుకునేదాన్ని.

అప్పటి అమీర్‌పేట గురించి చెబితే మా మనవలు నమ్మరు. మా ఇంటి వెనక సీతాఫలం చెట్లు, వాటి వెనక జొన్నచేను. పంజాగుట్ట వైపు నడిస్తే రాళ్ళగుట్టలు, ఈతచెట్లు, అక్కడొకటి ఇక్కడొకటి పెద్దల బంగ్లాలు. ఎర్రమంజిల్ గుట్ట మీద మహలు దీపాలు మా వాకిట్లోంచి కనిపించేవి. బేగంపేట విమానాల మోత వినబడితే మా అత్తమ్మ పని ఆపి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకొని, అది పోయేదాకా చూసేది. సాయంత్రం పశువులు ఇంటికి మళ్ళే ధూళిలో, సీతాఫలాలు మాగే వాసనలో ఆ చోటు ఒక పల్లెలాగే ఉండేది. ఇప్పుడు అదే చోట నిలబడితే ఆకాశం కూడా సరిగ్గా కనబడదు.

లడాయి మొదలయ్యాక మూడో వేసవిలో కాకినాడ మీద, విశాఖపట్నం మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. కోస్తా నుంచి జనం మూటాముల్లె సర్దుకొని లోపలి ఊళ్ళకు వచ్చేశారు. అట్లా వచ్చినామే ఈమె. సికింద్రాబాద్‌లో ఒక మిషనరీ బడిలో పంతులమ్మగా ఉన్న వాళ్ళ అక్క వెంటబెట్టుకొని వచ్చి మా గది అడిగింది. తనుండే చోట ఇద్దరికి జాగా లేదట. చేతిలో ఒక రేకు పెట్టె, చంకలో చుట్టిన చాప. నాకంటే పదేళ్ళు పెద్దదేమో. ఎండకు నల్లబడిన ముఖం మీద గంధం లాంటిదేదో పూసుకొని ఉంది.

"ఎవలు బిడ్డా నువ్వు? ఒక్కదానివే ఉంటవా?" అని మా అత్తమ్మ అడిగింది.

"మా ఆయన వచ్చేస్తారండీ. బర్మాలో ఉన్నారు."

"బర్మా అంటె ఏడ? బొంబాయి అవతలనా?"

"కాదండీ. ఇటువైపు. సముద్రం దాటి వెళ్ళాలి."

"సముద్రం అవతల మొగుడు, ఇవతల నువ్వా!" అని మా అత్తమ్మ బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది. గది ఇచ్చేసింది. కిరస్తానీ వాళ్ళని తెలిశాక నీళ్ళకు మాత్రం వేరే కుండ పెట్టింది. ఆ కుండ వానాకాలం దాటలేదు. ఒకనాడు పగిలిపోయింది, కొత్తది కొనాలని ఎవరికీ తోచలేదు.

నేను ఆమెను అక్కా అన్నాను. వీధి వాళ్ళు బర్మా అక్క అన్నారు.

ఆమె భర్త రంగూన్‌కు నది అవతల ఉన్న నూనె శుద్ధి కార్ఖానాలో పనిచేసేవాడు. భూమిలోంచి తోడిన ముడినూనెను పెద్ద పెద్ద కాగుల్లో కాచి, పెట్రోలు వేరు, కిరసనాయిలు వేరు, మైనం వేరు చేసే చోటు. లడాయి దగ్గరికొచ్చినప్పుడు ఆడవాళ్ళను, పిల్లలను ఓడలెక్కించి పంపేశారు. నూనె పనివాళ్ళను మాత్రం ఆఖరు దాకా ఉండమన్నారు. "రెండు వారాల్లో నేనూ వచ్చేస్తాను, నువ్వెళ్ళు" అని ఆయన రేవులో చెప్పాడట. తర్వాత రంగూన్ జపాను చేతిలో పడిందని వార్త వచ్చింది. ఆయన సంగతి తెలియలేదు.

ఆమె ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు. పొద్దున్నే లేచి నాతోపాటు కాజాలు కుట్టేది. మధ్యలో బర్మా కబుర్లు. అక్కడి ఆడవాళ్ళు అంగడి పెట్టుకొని మగవాళ్ళతో సమానంగా బేరాలాడతారని, నీళ్ళ పండుగనాడు దారినపోయే వాళ్ళందరి మీదా నీళ్ళు గుమ్మరిస్తారని, అయినా ఎవరికీ కోపం రాదని చెప్పేది. ఒకరోజు సేమ్యా ఉడకబెట్టి, వేయించిన వెల్లుల్లి, శనగపిండి, నిమ్మరసం కలిపి మాకు పెట్టింది. మా అత్తమ్మ ఆకులోకి చూసి, "గిదేందే, పాము పిల్లల్లెక్క పారుతున్నది!" అంది. తర్వాత మారు వడ్డించుకుంది.

వాన మొదలైన రోజుల్లోనే గాసునూనె తగ్గింది. ముందు దుకాణంవాడు సీసాకు సగం పోశాడు. తర్వాత చీటీ ఉంటేనే అన్నాడు. తర్వాత చీటీ ఉన్నా లేదన్నాడు. మా అత్తమ్మకు కోపమొచ్చింది.

"లడాయి ఏడనో అయితే నా దీపానికేమైంది? గాళ్ళు నూనె తాగుతున్నరా?"

బర్మా అక్క సూదిలో దారం ఎక్కిస్తూ నిమ్మళంగా చెప్పింది. "మీ దీపంలో నూనె మావాళ్ళ దగ్గర నుంచే వచ్చేదండీ పిన్నిగారూ. ఓడలకోడలు నింపి పంపేవారు. ఇప్పుడా ఊరు జపాను వాడిది."

మా వాకిట్లో వేలాడే ఆ చిన్న లాంతరుకు, సముద్రం అవతలి ఊరికి సంబంధం ఉందని మా ఇంట్లో అందరికీ ఒకేసారి తెలిసింది. మా అత్తమ్మ లోపలికి పోయి, అటక మీంచి తన పెళ్ళినాటి ఇత్తడి ప్రమిద దించి, చింతపండుతో తోమింది. ఆ సాయంత్రం నుంచి మాకు ఆముదం దీపమే. ఆముదం వెలుగు పసుపుపచ్చగా, మెత్తగా ఉండేది. ఖాకీ గుడ్డ మీద ఖాకీ దారం ఆ వెలుగులో కనబడేది కాదు. అందుకని చీకటి పడితే మా ఆయన మిషను ఆపేసేవాడు. లడాయి సామాను లడాయి వల్లే ఆగిపోయేది. మాకు మాత్రం సాయంత్రాలు మిగిలాయి. అరుగు మీద అందరం కూర్చొని మాట్లాడుకోవడం, బర్మా అక్క తమ చర్చి పాటలు సన్నగా పాడటం, మా అత్తమ్మ తనకు తెలియకుండానే దానికి తాళం వేయడం, అన్నీ ఆ గాసునూనె లేని కాలంలోనివే. కష్టకాలమే. అయినా తలుచుకుంటే నాకు ముందు ఆ పసుపు వెలుగే గుర్తొస్తుంది.

అక్క వాళ్ళాయన ఒక మధ్యాహ్నం వచ్చాడు. సన్నగా వాన పడుతోంది. గడ్డం పెరిగి, కాళ్ళకు గోనెగుడ్డలు చుట్టుకొని, వాకిట్లో ఎవరో నిలబడ్డారు. మా అత్తమ్మ బిచ్చగాడనుకొని దోసెడు జొన్నలు తెచ్చింది.

"జొన్నలు వద్దమ్మా," అన్నాడాయన. "మా ఆవిడ ఇక్కడుందని సికింద్రాబాద్‌లో చెప్పారండి."

అక్క బావి దగ్గర నీళ్ళు తోడుతోంది. ఆ గొంతు విని చేద వదిలేసింది. అది బావిలో పడిన చప్పుడు నాకిప్పటికీ గుర్తు. దగ్గరికొచ్చి, ఆయన్ను కిందనుంచి పైదాకా చూసి, "ఇంత ఆలస్యమేంటండీ?" అంది, బజారుకు పోయి ఆలస్యంగా వచ్చిన మనిషిని అడిగినట్టు. అరుగు మీద కూర్చోబెట్టి, కాళ్ళకున్న గుడ్డలు విప్పింది. ఆ పాదాలు చూశాక అప్పుడు ఏడ్చింది. మా అత్తమ్మ చేతిలోని జొన్నలు కింద పోసేసి, వేడినీళ్ళు పెట్టడానికి పొయ్యి దగ్గరికి పరుగెత్తింది.

ఆయన కొండలు, అడవులు దాటి మణిపురం మీదుగా నడిచి వచ్చాడు. దారిలో చూసినవి ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. మేమూ అడగలేదు. అక్క మొగుడు కాబట్టి నేను బావా అనాలి. నాకు నోరు తిరగక అన్నా అన్నాను. అక్కా అన్నా మొగుడూ పెళ్ళాలు ఎట్లయ్యారే అని వీధి ఆడవాళ్ళు నవ్వేవారు. ఆ పిలుపు మాత్రం మారలేదు.

కొంచెం కోలుకున్నాక ఒక సాయంత్రం మా ఆయన అడిగాడు. "అన్నా, గా నూనె కార్ఖానా ఇప్పుడు జపానోళ్ళు నడుపుతున్నరా?"

అన్న తలూపాడు, కాదని. "నడపడానికి ఏం మిగల్చలేదు తమ్ముడూ. మేమే తగలబెట్టాం."

"మీరా?"

"పైనుంచి ఆర్డరు. జపాను దగ్గరికొచ్చేస్తే ఒక్క చుక్క వాడికి దక్కకూడదని. ట్యాంకులన్నీ తెరిచి నిప్పు పెట్టాం. ఆ కాగులకు నా చేత్తో మరమ్మతులు చేశాను. వాటిలోనే డైనమైట్ పెట్టారు. పట్టపగలు పొగకు సూర్యుడు కనబడలేదు. నది ఇవతలకొచ్చాక కూడా ముఖం మీద మసి రాలుతూనే ఉంది."

"నూనె కోసం గింతనా?"

"నూనె కోసమే తమ్ముడూ. జపాను వాడి దేశంలో నూనె లేదు. అమెరికా వాడు అమ్మేవాడు, ఆ తర్వాత ఆపేశాడు. మరి వాడి ఓడలు, విమానాలు దేంతో నడుస్తాయి? అందుకని జావా మీద పడ్డాడు, బర్మా మీద పడ్డాడు. పటంలో నూనె ఎక్కడుందో చూసుకో, ఫౌజు అక్కడికే పోతది." చివరి మాట మా భాషలో అన్నాడు, మాకు సులువుగా ఉండాలని.

మా ఆయన ఒళ్ళో ఉన్న ఖాకీ అంగీని మడిచి పక్కన పెట్టాడు. ఆ సాయంత్రం ఇంకేమీ కుట్టలేదు.

పని కోసం అన్న చాలా తిరగలేదు. సనత్‌నగర్ వైపు కొత్తగా లేచిన ఒక చిన్న కార్ఖానా వాళ్ళకు పట్నం నుంచి కూలీలను తెచ్చే బస్సు ఉండేది. పెట్రోలు దొరకక ఆ బస్సుకు బొగ్గు గ్యాసు డబ్బా పెట్టించారు. బస్సు వెనక మనిషెత్తు ఇనుప పీపా. దాన్నిండా కట్టెబొగ్గు పోసి, కింద నిప్పు పెట్టి, చేత్తో ఫంకా తిప్పితే గ్యాసు పుట్టి గొట్టంలోంచి ఇంజనుకు పోయేది. రాజుకోవడానికే బోలెడు సేపు పట్టేది. మామూలు డ్రైవర్లు దానితో వేగలేకపోయారు. అన్నకు నిప్పుతో, గొట్టాలతో పనే కాబట్టి కుదిరిపోయింది. జనం దానికి కుంపటి బస్సు అని పేరు పెట్టారు.

ఆ బస్సెక్కి పట్నం పోవడం మాకో సరదా. అన్నకు తెలిసినవాళ్ళమని వెనక సీట్లో కూర్చోనిచ్చేవారు. చలికాలం అక్కడ వెచ్చగా ఉండేది. ఎండాకాలం ఒళ్ళు కాలేది. బొగ్గు గ్యాసుకు బలం తక్కువ. పంజాగుట్ట దాటి ఎర్రమంజిల్ ఎత్తు దగ్గరికి రాగానే బస్సు రొప్పుతూ నిలబడిపోయేది. అన్న బయటికి తల పెట్టి, "దిగండి బాబూ, జర నడవండి!" అని అరిచేవాడు. అందరం దిగేవాళ్ళం. తలపాగా చుట్టుకున్న కూలీలు, పాన్ నమిలే మా వీధి ముసలి సాహెబు, బుర్ఖాల ఆడవాళ్ళు, నేను, అక్క. బస్సు పక్కన నత్తలా ఎక్కుతుంటే మేము మాట్లాడుకుంటూ నడిచేవాళ్ళం. రోడ్డు పక్క జామకాయల ఆమె ఆ ఎత్తు దగ్గరే గంప పెట్టుకునేది. "మీ బండి ఖరాబైతె నా బేరం మంచిగయితది అన్నా," అని అన్నతో అనేది. పైకెక్కాక మళ్ళీ ఎక్కి కూర్చునేవాళ్ళం. ఎవరికీ తొందర లేదు. ఇప్పుడా ఎత్తు కార్లలో కళ్ళు మూసి తెరిచేలోగా దాటిపోతుంది. అది ఎత్తు అని కూడా పిల్లలకు తెలియదు.

లడాయి ముగిసింది. గాసునూనె మెల్లగా తిరిగొచ్చింది. ఖాకీ మూటలు ఆగిపోయి మా ఆయన పెళ్ళి అంగీలు కుట్టడం మొదలుపెట్టాడు. నాకు అప్పటికే ఒక ఆడపిల్ల. అది అక్క చేతుల్లోనే పెరిగింది. అక్కకు పిల్లల్లేరు. బస్సు వెనక పీపా విప్పేసి మా వీధి చివరున్న బస్సు షెడ్డులో పారేశారు. బర్మాకు తిరిగి వెళ్దామని అన్న కంపెనీ వాళ్ళను అడిగించాడు. అక్కడ సగం కార్ఖానా కూడా మళ్ళీ లేవలేదని, పాతవాళ్ళందరికీ పని లేదని తెలిసింది. ఆ మాట విన్నరోజు అక్క రేకుపెట్టెలోంచి తన బర్మా లుంగీ తీసి, చింపి, మా పిల్లకు గౌను కుట్టమని మా ఆయనకిచ్చింది.

"మళ్ళ పోతవేమో అక్కా, ఉంచుకోరాదు," అన్నాను.

"ఎక్కడికే? ఇంక ఇదే మన రంగూన్," అని నవ్వింది.

దేశానికి స్వతంత్రం వచ్చింది. మా హైదరాబాద్ సంస్థానం మాత్రం విడిగా ఉంటానంది. ఏ ఇంట్లో ఏ మాట మాట్లాడాలన్నా భయం. జిల్లాల నుంచి వచ్చే కబుర్లు మంచివి కావు. చుట్టూ ఇండియా, మధ్యలో మేము. ఆ మరుసటి ఏడాది బయటి నుంచి సరుకులు రావడం ఆగిపోయింది. మందులు లేవు, ఉప్పు ప్రియమైంది, గాసునూనె మళ్ళీ మాయమైంది. పెట్రోలు అసలే లేదు. అన్న షెడ్డులో పారేసిన పీపా తుప్పు గీకి మళ్ళీ బస్సుకు బిగించాడు.

"అప్పుడు జపాను, ఇప్పుడు మనవాళ్ళే," అన్నాడు మసి చేతులు తుడుచుకుంటూ. "ఒకడి మెడ వంచాలంటే వాడి ట్యాంకుకు మూత పెడితే చాలు. కత్తి అక్కర్లేదు."

నేనప్పుడు నిండు చూలాలిని. మొదటి కాన్పు ఇంట్లోనే సులువుగా అయింది. ఈసారి నొప్పులు మొదలై తెల్లారినా బిడ్డ కదలలేదు. మంత్రసాని నా పొట్ట తడిమి బయటికొచ్చి మా అత్తమ్మతో అనడం నాకు వినబడింది. "బిడ్డ అడ్డం తిరిగింది. నాతోని కాదు. దవాఖానకు తీస్కపోండ్రి, జల్ది."

మా వీధి టాంగా అతను గొడవల భయానికి పెళ్ళాం పిల్లలతో ఊరికి పోయాడు. మా ఆయన పంజాగుట్టలో ఒక దొర బంగ్లాకు పరుగెత్తాడు. ఆ దొర మంచివాడే, కారూ ఉంది. ట్యాంకు ఎండిపోయి ఉంది. ఎడ్లబండిలో కుదుపులకు తల్లీ బిడ్డా దక్కరని మంత్రసాని అంది. ఇక మిగిలింది కుంపటి బస్సు. ఆ రోజు కార్ఖానాకు సెలవు. యజమానిని అడగడానికి కూడా ఆగకుండా అన్న షెడ్డు తాళం తీసి బస్సు మా ఇంటి ముందుకు తోయించాడు.

రాత్రంతా వాన పడి షెడ్డులో బొగ్గు తడిసింది. పొగ వస్తోంది తప్ప గ్యాసు పుట్టడం లేదు. నేను అరుగు మీద అక్క ఒళ్ళో తల పెట్టుకొని ఉన్నాను. అన్న గొంతు వినబడింది. "పొడి బొగ్గు కావాలి. ఎవరింట్లో ఉంటే వాళ్ళు తెండి!"

మా ఆయన ముందు తన ఇస్త్రీపెట్టె కోసం దాచిన సంచి తెచ్చాడు. తర్వాత వీధి కదిలింది. చాకలి ఆమె గోతంనిండా తెచ్చింది. కుంపటి మీద వంట చేసుకునే ముసలి సాహెబు ఇంట్లోంచి తట్టతో పంపారు. పక్కింటివాళ్ళు పొయ్యిలో ఆర్పిన బొగ్గులు చీరకొంగులో పోసుకొచ్చారు. నూనె లేని రోజుల్లో వంటకు ఆ బొగ్గులే దిక్కు. మా అత్తమ్మ, ఆ వయసులో, ఫంకా తానే తిప్పింది. "తిరుగే, తిరుగు!" అని దాన్ని తిట్టింది. ఎప్పటికో ఇంజను దగ్గింది.

వాన తెరిపినిచ్చింది. సీటు మీద బొంత పరిచి నన్ను పడుకోబెట్టారు. తోడుగా మా వీధి మగవాళ్ళు కొందరు ఎక్కారు. ఎర్రమంజిల్ ఎత్తు దగ్గర బస్సు ఎప్పటిలాగే నిలబడిపోయింది. ఈసారి ఎవరినీ దిగమనడానికి అన్నకు నోరు రాలేదు. వెనక్కి తిరిగి నా ముఖం చూశాడు. నేనే లేచాను.

"వద్దే, పడుకో," అంది అక్క.

"పడుకుంటె ఈడనే అయితది అక్కా. నడుస్త."

ఒక చెయ్యి అక్క భుజం మీద, ఒక చెయ్యి అత్తమ్మ భుజం మీద వేసి ఆ ఎత్తు ఎక్కాను. నొప్పి వచ్చినప్పుడల్లా ఆగి, బస్సు రేకు పట్టుకున్నాను. రేకు వేడిగా కాలింది. వెనక మా ఆయన, మా వీధి మగవాళ్ళు బస్సును తోస్తున్నారు. వాళ్ళలో ఎవరు ఏ పక్షమో, ఎవరికి ఏ జెండా ఇష్టమో నాకు తెలుసు. ఆ పూట అందరి చేతులూ ఆ బస్సు మీదే ఉన్నాయి. పైకి చేరాక అన్న దిగొచ్చి, నన్ను పిల్లను ఎత్తినట్టు ఎత్తి సీటు మీద పెట్టాడు.

దవాఖానలో డాక్టరమ్మ బిడ్డను తిప్పి బయటికి తీసింది. మగపిల్లవాడు. నల్లగా, గట్టిగా ఏడ్చాడు. మా అత్తమ్మ వాణ్ణి చూసి, "బొగ్గుల కడుపుల పుట్టిండు," అని మురిసిపోయింది. నేను చాలా రోజులు లేవలేకపోయాను. బతికి బయటపడ్డాను.

నేను ఇంటికొచ్చిన కొన్నాళ్ళకే ఇండియా సైన్యం వచ్చింది. ఐదు రోజుల్లో అంతా ముగిసిపోయింది. మిలిటరీ బండ్లు వరసగా పోతుంటే వీధి వీధంతా చూడటానికి పోయింది. కొందరు పూలు చల్లారు, కొందరు తలుపులు తీయలేదు. పిల్లవాణ్ణి ఎత్తుకొని నేను, అక్క, అన్న రోడ్డు పక్క నిలబడ్డాం. ఆ బండ్ల వాసన గాల్లో నిండిపోయింది. అన్న కళ్ళు మూసుకొని ఆ వాసన పీల్చాడు.

"మంచి పెట్రోలు," అన్నాడు. ఎంతో కాలం తర్వాత పుట్టింటి వాళ్ళెవరో కనబడ్డట్టు ఉంది ఆయన ముఖం. నాకు ఎందుకో బాధేసింది.

ఆ ముఖం చూసినప్పుడే నాకు తెలిసింది, ఈయన ఆగడని. మరుసటి ఏడాది బొంబాయిలో ఎవరో పర్షియా నూనె కార్ఖానాకు పనివాళ్ళను ఎంచుతున్నారని విని వెళ్ళొచ్చాడు. తీసుకున్నారు. అక్క ఒక పూట అన్నం తినలేదు.

"ఒకసారి తగలబెట్టి వచ్చారు, చాలదా? మళ్ళీ ఆ నిప్పు దగ్గరికేనా?" అంది.

"నాకొచ్చిన పని అదే కదా," అన్నాడాయన. గొంతులో బతిమాలడం ఉంది. "బస్సు నడుపుతాను గానీ, నేను బస్సువాణ్ణి కాదు. పొద్దున్నే ఆ కాగుల మోత వినకపోతే తెల్లారినట్టుండదు నాకు."

మా అత్తమ్మ మధ్యలోకొచ్చింది. "పోనీయ్ బిడ్డా. మగ్గం అమ్మినంక మా ఆయన సుత గట్లనే ఉండె. సచ్చేదాక చేతులు ఊకెనే ఆడిచ్చుకుంట." అక్క ఆ మాటకు తలొంచింది.

నాంపల్లి స్టేషనుకు అందరం పోయాం. అక్క మా దగ్గరే ఉండిపోయింది. ఆయన రెండేళ్ళు పంపిన కబుర్లలో ఎప్పుడూ ఎండ, ఇసుక, పెద్ద పెద్ద కాగులు. తర్వాత అక్కడా గొడవ లేచింది. మా నేలలో నూనె మాదే అని పర్షియా వాళ్ళన్నారు. ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు ఓడలెక్కారు. కార్ఖానా చల్లబడిపోయింది. అన్న మళ్ళీ వచ్చేశాడు. ఈసారి కాళ్ళకు బూట్లున్నాయి, చేతిలో తోలుపెట్టె, అక్కకు ఒక ఊలు శాలువ.

"ఇంత తొందరగా వచ్చేశారేంటండీ?" అని అక్క అడిగింది. అందరం నవ్వాం. ఆయనా నవ్వాడు, కానీ చాలాసేపు అరుగు మీదే కూర్చుండిపోయాడు.

ఆ తర్వాత ఆయన ఎక్కడికీ పోలేదు. అమీర్‌పేటలో చిన్న గది తీసుకొని పంపు స్టవ్వులు, పెట్రోమాక్సు దీపాలు బాగుచేసే దుకాణం పెట్టాడు. పెళ్ళిళ్ళ కాలంలో ఆయన దుకాణం ముందు దీపాలు వరసగా వేలాడేవి. సాయంత్రం ఒక్కోదాన్నీ వెలిగించి, మంట నీలంగా నిలిచేదాకా చెవి దగ్గర పెట్టుకొని ఆ బుస వినేవాడు. ఎక్కడో సముద్రాలను కలిపే కాలువ దగ్గర లడాయి అని, నూనె ఓడలు ఆగిపోయాయని రేడియోలో వచ్చిన రోజు మా వీధి ఆడవాళ్ళం ఖాళీ డబ్బాలు పట్టుకొని నేరుగా ఆ దుకాణానికే పోయాం. లడాయి చేసేవాళ్ళ పేర్లు మాకు తెలియవు. ఆ కాలువ ఎక్కడుందో తెలియదు.

"గాసునూనె మళ్ళ కరువైతదా, ఇప్పుడే నింపుకోవాల్నా అన్నా?" అని అడిగాను.

"నింపుకోండమ్మా," అన్నాడు దీపం మీంచి తల ఎత్తకుండానే. లోపల స్టవ్వు మీద టీ కాస్తున్న అక్క గట్టిగా నవ్వి, "ముందు నా డబ్బా," అంది.